ఎవురప్పా చేసింది?

మొన్న బుధవారం మా ప్రెస్సుకు ఒకతను వచ్చాడు. నలభై దాటిన మనిషి. తల గొరిగించుకుని ఉన్నాడు కాబట్టి దినాల కార్డు కోసం వచ్చాడని చూడగానే తెలిసింది. పావగడ బజారులో తెలుగు అచ్చులూ కన్నడ అచ్చులూ రెండూ పెట్టుకున్న ప్రెస్సు మాది. పెండ్లి కార్డులైనా చావు కార్డులైనా చుట్టుపక్కల ఊర్లవాళ్లు మా దగ్గరికే వస్తారు. నేను చీటీ ముందుకు లాక్కుని, అలవాటు కొద్దీ, ‘వైకుంఠ సమారాధన జరుపుటకు నిశ్చయించడమైనది’ అని అతను చెప్పకముందే రాసేస్తున్నాను. అతను నా చేతికి చేయి అడ్డం పెట్టాడు.

“ఆ ‘నిశ్చయించడమైనది’ వద్దన్నా,” అన్నాడు. “మా నాయన వద్దని చెప్పి పోయినాడు. ‘మేము చేస్తాండాము, రాండి’ అని ఏయి. కింద మా అన్నదమ్ముల పేర్లు ఏయి.”

నేను పెన్ను కింద పెట్టాను. ఈ తాలూకాలో చావు కార్డు మీద కూడా అట్లాంటి పేచీ పెట్టగల మనిషి ఒక్కడే ఉండేవాడు. ఏ ఊరని అడిగాను. నాగలమడిక దాటిన తర్వాత ఏటి ఒడ్డు ఊరు పేరు చెప్పాడు. నేననుకున్న ఊరే. వారం కింద పొద్దున పూట కల్లంలో కూర్చుని శెనక్కాయలు వలుస్తూ పక్కకు ఒరిగాడట.

నాకు ముందు ఏడుపు రాలేదు. దాచుకుని ప్రయోజనం లేదు, ముందు ఊరట కలిగింది. ఇంక సంతరోజు ఆయన మా గుమ్మంలో నిలబడడు గదా అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఆ తర్వాత సిగ్గు ముంచుకొచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆ సిగ్గే కారణం.

ఆయన పొడుగు మనిషి. కొంచెం ముందుకు వంగి, కాళ్ల కింద ఏదో పారేసుకున్నట్టు నేల చూసుకుంటూ నడిచేవాడు. సంతరోజు తప్పకుండా పావగడకు వచ్చేవాడు. అమ్మేది ఉన్నా లేకపోయినా వచ్చేవాడు. మా గుమ్మంలో ఒక పక్కగా నిలబడేవాడు. బెంచీ మీద కూర్చో పెద్దాయనా అంటే, “కూకుంటే అడగల్లనుకున్నది మర్సిపోతానప్పా,” అనేవాడు. నిలబడే జేబులోంచి శెనక్కాయలు ఒక్కొక్కటే తీసి వలుచుకునేవాడు. పొట్టు మాత్రం ఒక్కటి కూడా కింద వేసేవాడు కాదు, రెండో జేబులో వేసుకునేవాడు. ఒకసారి నవ్వుతూ, వీధంతా చెత్తే గదా, మా గడప దగ్గరే ఎందుకంత మడి అని అడిగాను. పొట్టు వేసిందెవరని మీ ఇంటివాళ్లు అడిగితే చెప్పాల్సి వస్తుంది గదా అన్నాడు. అది ఎగతాళో నిజమో నాకు తెలియలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. తండ్రి నాటి ప్రెస్సు నడుపుకుంటూనే నేను తుమకూరు నుంచి వచ్చే ఒక కన్నడ దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ణి. విలేకరి అంటే పెద్దగా ఊహించుకోకండి. తాలూకాఫీసులో ఇచ్చిన కాగితం చూసి నాలుగు వాక్యాలు రాసి, కవరులో పెట్టి, మూడు గంటల బస్సు కండక్టరు చేతికివ్వడం. మర్నాడు పొద్దున మొదటి బస్సులో పత్రిక కట్టలు దిగేవి. కింద పేరు కూడా ఉండదు, ‘మా విలేకరి నుంచి’ అని మాత్రం ఉంటుంది. అయినా బజారులో నన్ను చూసి జనం కొంచెం పక్కకు జరిగేవాళ్లు. తాలూకాఫీసుకు పోతే గుమాస్తా లేచి, తువ్వాలతో దులిపి, కుర్చీ వేసేవాడు. రైతులందరూ వరండాలో నిలబడి ఉండగా నేను లోపల కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆ కుర్చీ అంటే నాకెంత ఇష్టమో అప్పుడు నాకే తెలియదు.

ఇంట్లో తెలుగు, బడిలోనూ సర్కారు కచేరీలోనూ కన్నడ. మా తాలూకాలో అందరి బతుకూ అంతే. ఆయన కూడా నాలుగో తరగతి వరకు కన్నడ బడిలో చదివినవాడే. పత్రికను గోడకు ఆనించి పట్టుకుని, శెనక్కాయల మన్ను ఇరుక్కున్న గోరుతో ఒక్కొక్క మాట కింద గీసుకుంటూ చదివేవాడు. ఒక మాట దగ్గర మాత్రం ఆ గోరు ఎప్పుడూ ఆగిపోయేది. ‘మాడలాగిదె.’ మన తెలుగు కచేరీ కాగితాల్లో ‘చేయడమైనది’ అంటామే, కన్నడంలో అదే ఇది. రోడ్డు ‘మాడలాగిదె’, విత్తనాల పంపిణీ ‘మాడలాగిదె’, విచారణ ‘మాడలాగిదె’. ఆయన ఆ మాట కింద గోరు పెట్టి, తలెత్తి, నిదానంగా అడిగేవాడు.

“ఎవురప్పా చేసింది?”

నాకు మొదట్లో సరదాగా ఉండేది. సర్కారు చేసింది పెద్దాయనా అంటే, సర్కారుకు చేతులు ఎవరివి అనేవాడు. పెండ్లి కార్డుల ప్రూఫులు ఆరవేసి ఉంటే వాటినీ వదిలేవాడు కాదు. ‘పెద్దలచే నిశ్చయింపబడిన ముహూర్తమున’ అని ఉంటే, ఏ పెద్దలు, రేపు పిల్ల ఏడిస్తే ఎవరిని పోయి అడగాలి అనేవాడు. ప్రెస్సులో పనివాళ్లు ఆయనకు ‘మాడలాగిదె తాత’ అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆయన కూడా నవ్వాడు. పేరు పెట్టిందెవరు అని మాత్రం అడిగాడు.

తన విషయంలోనూ ఆయన అంతే. ఆయన ఎద్దు ఒకసారి పక్కవాళ్ల చేనులో పడి మేసిందట. ఊర్లో పంచాయితీ పెట్టారు. ఎద్దు తాడు తెంచుకుని పడిందని పెద్దమనుషులే ఆయన తరఫున చెప్పబోతుంటే, ఆయన లేచి నిలబడి, “ఎద్దు పడలేదు, నేనే ఇడిసినాను. తాడు పాతదని నాకు తెల్సు,” అన్నాడట. ఈ కథ చెప్పినవాళ్లందరూ ఆయన్ను వెర్రివాడిగానే చెప్పారు. నేనూ నవ్వాను.

ఇంక తొమ్మిదేళ్ల కిందటి కరువు సంవత్సరం సంగతి. మా వైపు కరువుకు లెక్కలేదు గానీ ఆ యేడు విత్తిన శెనక్కాయ మొలక దగ్గరే మాడిపోయింది. ఏప్రిల్ వచ్చేసరికి ఊర్లకు ట్యాంకర్లతో నీళ్లు తోలుతున్నారు. కొన్ని ఊర్లకు బోర్లు మంజూరయ్యాయి. ఒక మధ్యాహ్నం తాలూకాఫీసులో ఆ ఊర్ల జాబితా కార్బన్ ప్రతి ఒకటి నా చేతికిచ్చారు. నిడుగల్లు వైపు కొన్ని, బలసముద్రం దగ్గర కొన్ని. ప్రతి ఊరి పేరు ఎదురుగా ‘కొరెయలాగిదె’ అని ఉంది, అంటే తవ్వడమైనది. అట్టడుగున ఆయన ఊరు. దాని ఎదుట ‘కొరెయలాగి’ వరకు కనిపిస్తోంది. చివరి అక్షరం కార్బన్ అంటక తెల్లగా పోయింది. ప్రెస్సుకు వచ్చి రాయబోయేసరికి బస్సుకు పది నిమిషాలే ఉన్నాయి. ఆఫీసు వీధి అవతలే ఉంది, వెళ్లి అడగొచ్చు. పైవన్నీ ‘దె’ అని ఉన్నాయి గదా అని, నేను ‘దె’ రాసి కవరు అంటించాను.

కన్నడం రానివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ‘కొరెయలాగిదె’ అంటే బోరు తవ్వారు. ‘కొరెయలాగిల్ల’ అంటే తవ్వలేదు. తేడా ఆ చివరి అక్షరం ఒక్కటే.

నాలుగో రోజు ఆ ఊరికి ట్యాంకరు ఆగిపోయింది. బోరు ఉన్న ఊరికి ట్యాంకరు ఎందుకన్నారట. ఆ వచ్చిన సంతరోజు ఆయన నా పత్రికను ఎరువుల సంచి ముక్కలో చుట్టుకుని తెచ్చాడు. మా ఊర్లో బోరు లేదప్పా, బోరు వేసే స్థలంలో సున్నం పూసిన రాయి ఒకటి ఉంది, అంతే అన్నాడు. నేను ఆఫీసులో అడగమన్నాను. ఆఫీసులో, పత్రికలో వచ్చింది, జిల్లా కలెక్టరు సాహేబులు పత్రిక చూసి మెచ్చుకున్నారు, ఇప్పుడు లేదంటే ఎట్లా అన్నారట. తప్పు పడిందని పత్రికే రాస్తే అప్పుడు మారుస్తామన్నారట. ఆయన మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. నేను మళ్లీ ఆఫీసుకు పంపాను. మా గుమ్మానికీ వాళ్ల వరండాకూ మధ్య ఆయన ఆ ఎండాకాలమంతా తిరిగాడు.

రెండో వారమో మూడో వారమో, పాత కాగితాలు గుచ్చే ఇనపతీగ లోంచి ఆ కార్బన్ ప్రతి తీశాను. కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూశాను. సిరా లేదు గానీ టైపు మిషను కొట్టిన నొక్కు కాగితం మీద ఉంది. వేలితో తడిమినా తెలుస్తోంది. ‘ల్ల.’ ఆఫీసువాళ్లు తవ్వలేదనే రాశారు. తవ్వారని రాసింది నేను.

ఆ కాగితం మడిచి కన్నడ అచ్చుల పెట్టె అడుగున పెట్టాను. తప్పు ఒప్పుకుంటే పత్రికవాళ్లు నన్ను తీసేస్తారు, ఆఫీసులో కుర్చీ పోతుంది, బజారులో తల ఎత్తుకోలేను. ఇట్లా నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒక్కటి కూడా నీళ్ల గురించి కాదు.

ఆయన మాత్రం నన్ను వాళ్ల ఊరికి వచ్చి చూడమన్నాడు. తప్పించుకోలేక ఒకరోజు బస్సెక్కాను. ఆయన నన్ను ముందు ఆ రాయి దగ్గరికి తీసుకుపోయాడు. సున్నం సగం రాలిపోయి ఉంది. అక్కడినుంచి ఏట్లోకి దిగాం. ఏరంటే ఇసుకే. ఇసుకలో మనిషి లోతు గుంటలు, చెలమలు తోడుకుని ఉన్నారు. ఒక గుంటలో ఆయన భార్య మోకాళ్ల మీద కూర్చుని, ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో బిందెలోకి ఎత్తుతోంది. చిప్ప నిండాలంటే కొంతసేపు ఆగాలి. నన్ను చూసి ఆమె కొంగు సర్దుకుంది. ఎండలో వచ్చినాడు పాపం అని, బిందెలోంచి చెంబు ముంచి నా చేతికిచ్చింది. నేను గటగటా తాగేశాను. తాగిన తర్వాత గుంటలోకి చూస్తే అడుగున తడి ఇసుక తప్ప ఏమీ లేదు. బిందె సగం కూడా నిండలేదు. ఆమె మళ్లీ చిప్ప తీసుకుని కూర్చుంది. పొద్దున్నుంచి ఆమె తోడినదాంట్లో నేను ఎంత తాగానో ఆ దంపతులిద్దరూ చూడనట్టే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడ్డాం. అప్పుడు ఆయన నా నోటుపుస్తకం తీయమన్నాడు. తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఒక్కొక్క అక్షరం చెప్పి రాయించుకున్నాడు. రాశానో లేదో వంగి చూశాడు.

“ఎవురు చెప్పినారని అడిగితే నా పేరు చెప్పప్పా,” అన్నాడు. “ఊర్లో బోరు లేదని నేను చెప్తాండా. దొంగమాటైతే నన్ను పట్టుకోమను.”

చెప్తే నమ్మరు గానీ, నేను నిజంగానే రాశాను. వారం తర్వాత పత్రికలో నాలుగు వాక్యాలు వచ్చాయి. ఫలానా ఊర్లో ‘కొళవె బావి కొరెయలాగిల్ల ఎందు ఆరోపిసలాగిదె’ అని. అంటే, బోరు తవ్వలేదని ఆరోపించబడినది. ఆయన పేరు నేనే కొట్టేశాను. ముసలాయనకు ఆఫీసుతో తంటా ఎందుకులే అని సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. పేరు పెడితే ఎవరైనా పోయి ఆయన్ను అడుగుతారు. అడిగితే పాత వార్త ఎవరు రాశారనే దాకా వస్తుంది. ఆ రోజు ఆయన ఇచ్చిన పేరును కొట్టేసిన చేతితో ఈ రోజు ఇక్కడ రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

సంతరోజు వచ్చాడు. పత్రిక గోడకు ఆనించి చదివాడు. ‘ఆరోపిసలాగిదె’ దగ్గర గోరు ఆగింది. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

“ఎవురు ఆరోపించినారప్పా? నేను గదా చెప్పింది.”

నేను ప్రూఫు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాను. ఆఫీసువాళ్లకు మాత్రం ఆ వార్త చాలా బాగా పనికొచ్చింది. ఎవరో ఊరు పేరు లేనివాడు ఆరోపించాడు, పరిశీలించడమైనది, ఆరోపణ నిరాధారం అని ఒక కాగితం రాసి దస్త్రం మూసేశారు. ఆగస్టులో రెండు వానలు పడ్డాయి. ఆ తర్వాత ట్యాంకరు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆయన మాత్రం రావడం మానలేదు. ఆ సంవత్సరమే కాదు, ఆ తర్వాత కూడా మానలేదు. ఎద్దుల్ని అమ్ముకున్న వారం కూడా వచ్చాడు. గుమ్మంలో నిలబడి శెనక్కాయలు వలుచుకుంటూ, వానల మాటా ధరల మాటా అయిన తర్వాత, పోయే ముందు ఒక్క మాట అడిగేవాడు. “ఏమప్పా, ఆ అక్షరం ఎవురు రాసినారో తెలిసెనా?” నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. అప్పటి గుమాస్తా బదిలీ అయిపోయాడని ఒకసారి, దస్త్రం దొరకడం లేదని ఒకసారి. ఒకరోజు విసుగొచ్చింది. ఇంకా ఎంతకాలం పెద్దాయనా, ఆఫీసులో ఏదో పొరపాటు జరిగింది, వదిలేయి అన్నాను.

ఆయన వలుస్తున్న కాయ వలవకుండా పట్టుకుని నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

“జరిగిందా, చేసినారా?”

“జరిగింది పెద్దాయనా,” అన్నాను.

ఆయన తల ఊపి, కాయ జేబులో వేసుకుని, నేల చూసుకుంటూ వెళ్లిపోయాడు. రెండు వారాలు రాలేదు. మూడో వారం మళ్లీ వచ్చి నిలబడ్డాడు. అదే ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న వినీ వినీ నాకు అలవాటైపోయింది. చివరి రోజుల్లో చెవి సరిగా వినపడక, నేను చెప్పేది తెలియకపోయినా, అడిగి, నా పెదాలు కదలడం చూసి వెళ్లిపోయేవాడు. ఆయన దృష్టిలో నేనొక మంచివాణ్ణని, పాపం ఆఫీసువాళ్లను ఏమీ చేయలేకపోతున్న విలేకరినని అనుకుంటున్నాడని నేను నమ్మాను. అట్లా అనుకోవడం నాకు సుఖంగా కూడా ఉండేది.

మొన్న ఆయన కొడుకు ముందు ‘మేము చేస్తున్నాము, రండి’ అని చీటీ మీద రాశాను. పేర్లు రాసుకున్నాను. ఊరకే ఉండలేక, మీ ఊరికి బోరు వచ్చిందా అని అడిగాను.

“రికార్డులో ఉండాది గదన్నా,” అన్నాడు. వెటకారం ఏమీ లేదు. “రెండు తూర్లు అర్జీ ఇచ్చినాము. బోరు ఉన్న ఊరికి ఇంగోటి ఇయ్యం అంటారు. ఇప్పుడు పక్కూరి నుంచి పైపు ఏస్తామంటాండారు, సూడల్ల.”

తొమ్మిదేళ్లు. అతనికి చెప్పాలనిపించింది. నోరు తెరిచాను. ఏం వచ్చిందనుకున్నారు? “ఆ జాబితాలో ఒక అక్షరం పోయింది,” అని వచ్చింది. ఇన్నేళ్లకు నోరు తెరిచి కూడా పోయింది అంటున్నాను, ఏ కాకో ఎత్తుకుపోయినట్టు. ఆగి, మళ్లీ చెప్పాను. “కాదు. ఆ అక్షరం నేను రాసినాను. తవ్వలేదని ఉంటే తవ్వినారని నేను రాసినాను.”

అతను నన్ను కొట్టినా ఒప్పుకునేవాణ్ణి. అతను గొరిగిన తల చేత్తో నిమురుకుని, బజారు వైపు చూశాడు.

“నాయనకు తెల్సన్నా,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను చెప్పాడు. ఆ ఏప్రిల్‌లోనే, వార్త వచ్చిన రెండో వారమే, గుమాస్తా అసలు కాగితం తీసి ఆయనకు చూపించాడట. మేము ‘ఇల్ల’ అనే రాసినాము, మార్చింది పత్రికాయనే, పోయి ఆయన్ను అడుగు అన్నాడట. ఆ వార్త తర్వాత కుర్చీ దులిపి వేసేటప్పుడు ఆ గుమాస్తా నా మొహం చూడకుండా ఎందుకు నవ్వేవాడో నాకు ఇప్పుడు తెలిసింది.

మరి ఆయన నన్నెందుకు అడగలేదు, నలుగురిలో పట్టుకుని నిలదీయొచ్చు గదా అన్నాను.

“మేమూ అదే అంటిమి. కొట్లాడదాం పా అంటిమి,” అన్నాడు. “‘మనం పట్టిచ్చి చెప్పిస్తే, దొరికినందుకు చెప్తాడు. ఆయప్ప నోటితో ఆయప్పే చెప్పల్ల. అప్పుడు ఇంగొక ఊరికి ఇట్ల రాయడు,’ అంటాండె. అందుకే వారం వారం పోయి అడుగుతా ఉండె.”

అతను కార్డులు ఎప్పుడిస్తావని అడిగి, శుక్రవారం అంటే సరేనని వెళ్లిపోయాడు. నేను అచ్చుల పెట్టె అడుగు నుంచి ఆ కార్బన్ కాగితం తీశాను. మడతల దగ్గర చినిగింది గానీ నొక్కు ఇంకా వేలికి తెలుస్తోంది. పత్రికకు పంపడానికి ఒక ఉత్తరం రాశాను, కింద నా పేరు పెట్టాను. కాగితం దానికి జతచేసి మూడు గంటల బస్సుకు ఇచ్చాను. వాళ్లు వేస్తారో లేదో తెలియదు. వేసినా చదవాల్సిన మనిషి లేడు.

ఆయన నన్ను నమ్మి వస్తున్నాడనుకున్నాను. నాకు అవకాశం ఇవ్వడానికి వచ్చాడు. ఏటి ఒడ్డు ఊరి నుంచి బస్సెక్కి, తొమ్మిదేళ్లు, సంత సంతకూ వచ్చి, కూర్చుంటే మర్చిపోతానని నిలబడే అడిగాడు. నేను చెప్పలేదు.